నజారియా మంద

నజారియా జీవితంలో దేన్నీ లెక్కపెట్టి ఎరగదు. మా కొండ ఊరు యనకంచలో ఉన్ని కోసం అల్పాకాలు మేపేవాళ్ళెవరూ మందను లెక్కపెట్టరు. లెక్కపెడితే మంద తరిగిపోతుందని భయం. పొద్దువాలే వేళకు దొడ్డి వాకిట్లో నిలబడి, లోపలికి పోయే ఒక్కోదాన్నీ చూస్తారు. కర్రిది వచ్చింది, బొల్లిమొహం వచ్చింది, చెవి తెగిన పుల్లది వచ్చింది. రానిదేదో దానంతటదే తెలుస్తుంది. మా ఆవిడ నజారియాకైతే మందలో ఒకటి తగ్గితే ఆకలి తెలిసినట్టు తెలిసేది. మొత్తం ఎన్ని అని అడిగితే మాత్రం "అన్నీ" అనేది. ఒకసారి నేను చాటుగా లెక్కపెట్టి, నూటపది అని పైకి అనేశాను. ఆ నెలలోనే రెండు పిల్లలు చచ్చిపోయాయి. వారం రోజులపాటు నా చారులో బంగాళాదుంప కనిపించలేదు.

నేను ఈ ఊరివాణ్ణి కాదు. సికువాని పట్నం నుంచి ఇక్కడి బడికి మాస్టారుగా వచ్చాను. రెండేళ్ళు చేసి వెళ్ళిపోదామనుకున్నాను. ఆమెను చూశాక బదిలీ కాగితం పెట్టడం మానేశాను. పెళ్ళయిన కొత్తలో అక్షరాలు నేర్పుతానని వెంటపడితే నవ్వేది. "మీరు చదివేవన్నీ కాగితం మీద కదలకుండా కూచునుంటాయి మాస్టారూ. నేను చదివేవి పరిగెత్తుతాయి. ఏది కష్టం?" అనేది. పెళ్ళయ్యాక కూడా నన్ను మాస్టారూ అనే పిలిచేది. మొదట వేళాకోళానికి మొదలుపెట్టింది, తర్వాత అదే నా పేరయిపోయింది.

పోయిన వానల్లో నాలుగు రోజుల జ్వరంతో నజారియా పోయింది. అప్పటి నుంచి ఊళ్ళో ఎవరు ఎదురైనా ఆమె గురించి ఒకటే సంగతి ఎత్తుతారు, బూడిదరంగు స్వెటరాయన సంగతి. పన్నెండేళ్ళ కిందటిది. ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. వాళ్ళ చిన్నాన్న మెల్చోర్ చెప్పేదాంట్లో వడగళ్ళు ఏటేటా పెద్దవవుతున్నాయి, ఇప్పుడు కోడిగుడ్లంత అయ్యాయి. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. వడగళ్ళు బఠానీ గింజలంతే. జరిగింది జరిగినట్టుగా రాసిపెడదామని కూచున్నాను.

మా ఊరి పైన అవుసంగాతే కొండ ఒళ్ళో ఏడు సరస్సులున్నాయి, వాటిలో ఒకటి పులి సరస్సు. వానలు లేని నెలల్లో రోజూ కుస్కో పట్నం నుంచి బస్సులొస్తాయి. తొమ్మిదింటికి దిగి, రొట్టె తిని, పైకి నడిచి, ఏడూ చూసి, మధ్యాహ్నానికి మా వేణ్ణీళ్ళ కుంట దగ్గరికి దిగిపోతారు. కుంటలో కాళ్ళు పెట్టుకుని, మా ఊరి ఆడవాళ్ళు వేపే చేపలు తిని నాలుగింటికి బస్సెక్కుతారు. దారి మెత్తనిది. ముసలమ్మలు కూడా నడుస్తారు. కాకపోతే అంత ఎత్తులో ఊపిరి చాలదు. అందుకని ప్రతి గుంపు వెనకా జీను కట్టిన గుర్రం ఒకటి నడుస్తుంది. ఎవరు కూలబడితే వాళ్ళని ఎక్కించడానికి. రోజుకి రెండు గుర్రాలు. ఎవరి గుర్రం ఏ రోజు వెళ్ళాలో ఊరి సభ వంతులు వేసి, కుంట పక్క పాక గోడకున్న చెక్కపలక మీద రంగుతో పేర్లు రాయించింది.

ఆ పలక మీద ఇరవై పేర్లు ఉండేవి. ఏడోది మా మామగారిది. ఆయన పోయాక ఆ వంతు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. వంతు కొడుక్కి వస్తుంది. ఆయనకు కొడుకు లేడు, నజారియా ఒక్కతే. అల్లుడు, అంటే నేను, బయటివాణ్ణి. పలక మీద నుంచి పేరు తుడిచేద్దామని సభలో అన్నారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి నజారియా లేచి, ఆ వంతు నేను నడుపుతాను అంది.

ఆమెకు కావలసింది ఆ కొండ మీదికి మనుషుల్ని తీసుకెళ్ళడం. ఐదేళ్ళప్పటి నుంచీ ఆ సరస్సుల చుట్టూ మంద తోలిన మనిషి. పొద్దున బస్సు దిగినవాళ్ళు పైకి వెళ్ళి, మధ్యాహ్నం మొహాలు వెలిగిపోతూ దిగుతుంటే, ఆ వెలుగు మొదలయ్యే చోట తాను ఉండలేదని ఉక్రోషం. "మొదటిసారి పులి సరస్సు చూసినప్పుడు మనిషి నోరెలా తెరుస్తాడో చూడాలి మాస్టారూ. చేపలు వేపుతూ కూచుంటే ఏం కనిపిస్తుంది, చేప నోరు తప్ప," అనేది.

సభ పెద్ద మెల్చోర్. మా మామగారికి పినతండ్రి కొడుకు. ఆయనకు ఆమె మీద కోపమేమీ లేదు, కానీ కొండ దారిలో ఆడమనిషి చేతిలో గుర్రం తాడు ఆయన ఎన్నడూ చూడలేదు.

"మీ ఇంట్లో మగదిక్కు లేకనా? మాస్టారున్నాడుగా," అన్నాడు.

"ఉన్నాడు చిన్నాన్నా. ఆయన ఎటు వైపు నుంచి ఎక్కాలో గుర్రమే చెప్పాలి."

సభంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను. ఆ నవ్వు వల్లనే మెల్చోర్ కొంచెం మెత్తబడ్డాడేమో, ఒక పరీక్ష పెట్టాడు. రాబోయే ఆదివారం ఒక గుంపుకి వెనక గుర్రం ఆమె నడపాలి. ఏడు సరస్సులూ తిప్పి, అందరినీ, మూడింటికల్లా వేణ్ణీళ్ళ కుంట దగ్గరికి దించాలి. ఒక్క మనిషి తగ్గినా, మూడు దాటినా ఆ వంతు రద్దు, మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. చూడ్డానికి ఆయనే వెంట వస్తాడు. మాస్టారు కావాలంటే రావచ్చు, తాడు మాత్రం ముట్టుకోకూడదు.

ఆదివారం పొద్దున ఆమె చేసిన హడావుడి మా పెళ్ళికి కూడా చెయ్యలేదు. మా గోధుమరంగు గుర్రం చుంపి చెవులకు కొత్త ఊలు కుచ్చులు కట్టింది. కట్టి, విప్పి, ఎడమది కిందికుందని మళ్ళీ కట్టింది. అంచుకు పూసలు కుట్టిన టోపీ పెట్టుకుని, నాలుగు లంగాలు ఒకదాని మీద ఒకటి వేసుకుంది. నేను టీ తాగుతుంటే కప్పు లాగేసుకుని, "బస్సొస్తుంది లేవండి," అంది. అప్పటికి బస్సు రావడానికి గంటన్నర ఉంది.

బస్సు వచ్చింది. గైడు యూరి కుస్కో కుర్రాడు, మాట వేగం, నడక వేగం. దిగినవాళ్ళని వేలితో గాల్లో పొడుస్తూ లెక్కపెట్టాడు, పద్నాలుగు. నజారియా దొడ్డి వాకిట్లో నిలబడ్డట్టే నిలబడి ఒక్కొక్కరినీ చూసింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. పక్కకి వెళ్ళి విన్నాను. మనుషులకు మందలో పెట్టే పేర్లే పెడుతోంది. త్రుహీయో ఊరి నుంచి ఎర్రకోటు వేసుకుని వచ్చిన అమ్మాయి ఎర్రది. ఎండకి మొహమంతా తెల్లగా పూత పూసుకున్న ఒకావిడ బొల్లిమొహం. మెడకు పచ్చ గుడ్డ చుట్టుకున్నాయన పచ్చమెడ. బూడిదరంగు స్వెటరు వేసుకున్న డెబ్బయ్యేళ్ళ పెద్దాయన మైలాయన. ఆయన అసలు పేరు ఆర్సేనియో, అరెకీపా ఊరాయన, నలభై ఏళ్ళు రైల్వేలో పట్టాలు తనిఖీ చేసి రిటైరయ్యాడని తర్వాత తెలిసింది.

"ఎవరైనా వింటే కొడతారే," అన్నాను.

"ఎందుకు కొడతారు? మా కర్రిది ఎన్నడన్నా కొట్టిందా?"

కొండకు మొక్కుతూ, అటు తిరిగి మూడు కోకా ఆకులు పట్టుకుని ఊదింది, నా చేతిలోనూ మూడు పెట్టింది. బయల్దేరాం. ముందు యూరి, తర్వాత పద్నాలుగుమంది, తర్వాత నజారియా, గుర్రం. గుర్రం వెనక నేను. నా వెనక మెల్చోర్, చేతికి గడియారం, మొహం మీద పండగ.

మొదటి సరస్సు దగ్గరే తప్పు జరిగింది. ఎండ ఎక్కింది. నీళ్ళు మైలుతుత్తం కలిపినట్టు నీలమూ ఆకుపచ్చా కాని రంగులో మెరుస్తున్నాయి. అందరూ గట్టు మీద చేరి ఫొటోలు తీసుకుంటున్నారు. నజారియా ఒక్కసారిగా గుర్రాన్ని ఆపి, ఎర్రది లేదు అంది. యూరి ముందు నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఏ ఎర్రది అని అడిగాడు. ఎర్రది, ఎర్రది, పొద్దున దిగిందే, అని ఆమె దారి వెనక్కి చూపిస్తోంది. అప్పటికే నాలుగడుగులు వెనక్కి వేసింది కూడా. ఇంతలో ఆమె ఎదురుగానే నిలబడ్డ త్రుహీయో అమ్మాయి, ఎండగా ఉందని విప్పి సంచిలో పెట్టుకున్న కోటు బయటికి తీసి, దీని కోసమా అండీ అని అడిగింది. లోపల ఆకుపచ్చ చొక్కా.

మెల్చోర్ నవ్వి నవ్వి రాయి మీద కూలబడ్డాడు. "అల్పాకా కోటు విప్పదు పిల్లా. మనిషి విప్పుతాడు," అన్నాడు.

యూరి నవ్వలేదు. ఇలా ఆగితే మూడింటికి దిగలేం అమ్మా, లెక్క నేను చూసుకుంటాను, మీరు గుర్రం చూసుకోండి, అని మర్యాదగానే చెప్పాడు. నజారియా మొహం ఎర్రబడింది. గుర్రం పక్కన గొంతుక్కూచుని జీను పట్టీ సవరిస్తున్నట్టు నటిస్తూ, ముందుకు సాగుతున్నవాళ్ళ వైపు చూసింది. మొహాలు కాదు, కోట్లు కాదు, కాళ్ళు. పద్నాలుగు జతలూ దాటేదాకా లేవలేదు.

"వీళ్ళు బొచ్చు మార్చేస్తారు మాస్టారూ," అంది లేస్తూ. "నడక మార్చుకోలేరుగా."

ఆ తర్వాత మూడు గంటలు ఎలా గడిచాయో చెప్పలేను. ఒక మలుపు తిరిగితే పాలు కలిపిన ఆకుపచ్చ, ఇంకో మలుపులో సిరాబుడ్డి నీలం, దాని పక్కనే అద్దంలా కొండ శిఖరం తలకిందులుగా. ప్రతి మలుపుకీ ముందు నజారియా అడుగు వేగం పెరిగేది. తాను వేలసార్లు చూసిన నీళ్ళే, ఇప్పుడే పుట్టినట్టు. సరస్సు కనపడే క్షణానికి గుంపుకి పక్కగా వచ్చి, నీళ్ళ వైపు వీపు పెట్టి నిలబడేది, వాళ్ళ మొహాలు చూడ్డానికి. బొల్లిమొహం ఆవిడ ఊపిరాడక గుర్రమెక్కింది, గుర్రం మీద నుంచి రెండో సరస్సు చూసి ఏడ్చింది. నజారియాకి పట్టరాని సంతోషం. "చూశారా, చూశారా," అని నా మోచేతిని పొడుస్తోంది. మోచెయ్యి వారం రోజులు నొప్పెట్టింది.

ఆర్సేనియో పెద్దాయనతో ఆమెకు బాగా కుదిరింది. గుర్రమెక్కమంటే వద్దన్నాడు. పట్టాల కింద దుంగ నుంచి దుంగకి అడుగు వేసీ వేసీ ఆయన అడుగులన్నీ ఒకే కొలత. పొట్టిగా, సమానంగా, రాళ్ళున్నా గడ్డున్నా అదే కొలత. నజారియా ఆయన వెనక ఆ కొలతనే నడిచి చూపించి నవ్వించింది. ఇంటి దగ్గర మనవరాలికి ఈ నీళ్ళు పట్టుకెళ్ళాలని చెప్పి, సంచిలోంచి మూడు ఖాళీ సీసాలు తీసి చూపించాడు. నజారియా ఏదో చెప్పబోయింది, ఇంతలో బొల్లిమొహం ఆవిడ దిగుతానంది, ఆ మాట అక్కడితో ఆగింది.

పులి సరస్సు దగ్గర అన్ని గుంపులూ తిండికి ఆగుతాయి. ఆ రోజు రెండు గుంపులు, ముప్పైమందికి పైనే. ఉడికిన దుంపలూ జున్నూ తింటూ రాళ్ళ మీద కలగాపులగంగా కూచున్నారు. ఎవరిది ఏ గుంపో దేవుడికి తెలియాలి. ఒంటి గంట దాటాక యూరి విజిలేసి తనవాళ్ళని పిలిచాడు, వేలితో పొడుస్తూ లెక్కపెట్టాడు, పద్నాలుగు. నడవండి అన్నాడు. అప్పుడు నజారియా బొల్లిమొహం ఆవిడని మళ్ళీ జీను మీదికి ఎక్కిస్తోంది. గుంపు ముందుకు సాగిపోయింది.

దిగుడు దారి. ముప్పావు గంటలో చివరి సరస్సుకి చేరాం. దారి అక్కడ వెడల్పవుతుంది. గుర్రం మీద ఆవిడ దిగి తన కాళ్ళ మీద నడిచింది. తిండి దగ్గర నుంచి బయల్దేరాక నజారియా మొదటిసారి గుంపంతటినీ వెనక నుంచి చూసింది. రెండు నిమిషాలు చూసి ఉంటుంది. ఆగిపోయింది.

"చిన్నాన్నా, ఒకటి మనది కాదు. మనది ఒకటి లేదు."

మెల్చోర్ గడియారం చూసుకున్నాడు, రెండుకి ఐదు నిమిషాలు తక్కువ. యూరి వెనక్కి వచ్చాడు. ఈసారి మొహంలో మర్యాద పలచబడింది. ఇది రెండోసారి అమ్మా, పద్నాలుగు ఉన్నారు, నమ్మకపోతే మాస్టారుని లెక్కపెట్టమనండి, అన్నాడు. నేను లెక్కపెట్టాను. పద్నాలుగే. పద్నాలుగే అని పైకి అన్నాను కూడా. నా జీవితంలో అనకుండా ఉండాల్సిన మాటల్లో అదొకటి.

నజారియా నా వైపు చూడలేదు. గుంపులోకి నడిచి, బూడిదరంగు జాకెట్టు వేసుకున్న ఒక పొడుగాటి మనిషి ముందు నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి, త్రుహీయో అమ్మాయి పక్కనే నడుస్తూ కబుర్లు చెబుతున్నాడు.

"నడువు బాబూ, రెండడుగులు."

అతను తెల్లబోయి రెండడుగులు వేశాడు. పెద్ద అంగలు.

"ఈ నడక పొద్దున మనలో లేదు," అంది. "పట్టాలాయన ఏడీ?"

అప్పుడు అందరూ ఒకరి వెనక ఒకరు చూసుకున్నారు. ఆర్సేనియో లేడు. పొడుగాటి మనిషి చెవుల దాకా ఎర్రబడి, తాను ముందు వెళ్ళిన గుంపువాణ్ణని, ఈ అమ్మాయితో మాట్లాడుతూ ఇటు వచ్చేశానని ఒప్పుకున్నాడు. త్రుహీయో అమ్మాయి అతనికి రెండడుగులు దూరం జరిగింది.

యూరి మొహం పాలిపోయింది. కానీ వెంటనే తేరుకున్నాడు. ఇతను ఇటు వచ్చాడంటే పెద్దాయన అటు వాళ్ళతో వెళ్ళుంటాడు, వాళ్ళు కింది దారిన పోయారు, కుంట దగ్గర కలుస్తాం, అన్నాడు. అలా జరగడానికి వీలుంది. మందలు కలిసినప్పుడు ఒకటి ఇటు వస్తే ఒకటి అటు పోవడం మామూలే.

మెల్చోర్ నజారియా దగ్గరికి వచ్చాడు. ఈసారి ఆయన గొంతులో వేళాకోళం లేదు.

"ఇక్కణ్ణుంచి కుంటకి యాభై నిమిషాలు. దిగితే మూడింటికి చేరతావు. ఆయన అక్కడే ఉంటాడు, నీ పేరు పలకెక్కుతుంది. పైకి తిరిగావంటే నాలుగు దాటుతుంది. ఇక నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు."

"ఆయన కింద ఉంటే మంచిదే చిన్నాన్నా. లేకపోతే?"

మెల్చోర్ తలెత్తి కొండ వైపు చూశాడు. అవుసంగాతే వెనక నుంచి మబ్బు ఒకటి బూడిదరంగు దుప్పటిలా పైకి లేస్తోంది. నజారియా దాన్ని చూసింది. తర్వాత కింద, దూరంగా, కుంట మీద లేస్తున్న ఆవిరి చూసింది. పాక కప్పు కూడా కనిపిస్తోంది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. సభలో లేచి దేని కోసం పోట్లాడిందో అది యాభై నిమిషాల దూరంలో ఉంది.

గుర్రం తల పైకి తిప్పింది.

"నజారియా, ఒక్కసారి ఆలోచించు," అన్నాను.

"ఆలోచిస్తూ నడవండి మాస్టారూ."

యూరి మిగిలినవాళ్ళని తీసుకుని దిగిపోయాడు. మేం ముగ్గురం పైకి పరిగెత్తాం. పరిగెత్తామంటే ఆమె పరిగెత్తింది, నేను గుర్రం తోక వెనక ఆయాసపడ్డాను. ముప్పావు గంటలో దిగిన దారిని అరగంటలో ఎక్కింది. పులి సరస్సు గట్టు మీద ఎవరూ లేరు. జున్ను చుట్టిన కాగితం ఒకటి గాలికి దొర్లుతోంది. మెల్చోర్ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేకేశాడు. కొండ ఆ కేకనే తిరిగిచ్చింది. ఇక్కడ లేడు, కిందికే పోయుంటాడు, అన్నాడు.

నజారియా కేక వెయ్యలేదు. సరస్సుని చూస్తోంది. అవతలి గట్టున ఎప్పుడూ తెల్ల బాతుల జంట ఒకటి ఉంటుంది. ఆ జంట ఇవతలికి వచ్చేసి మా కాళ్ళ దగ్గర తచ్చాడుతోంది.

"వాటి చోటు అది కదా. ఇటెందుకొచ్చాయి?" అంది, నన్ను కాదు, తనను తానే అడిగినట్టు. అంతే, గుర్రాన్ని లాక్కుని గట్టు చుట్టూ రాళ్ళ మీదుగా అవతలికి పరిగెత్తింది.

అక్కడ, ఇటు నుంచి ఎవరికీ కనపడని రాతి గుట్ట వెనక, ఆర్సేనియో కూచుని ఉన్నాడు. పెదాలు నీలం. ఒళ్ళో మూడు సీసాలూ నిండి ఉన్నాయి. మూడింట్లోనూ మామూలు నీళ్ళు, గాజులా తెల్లగా. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"రంగు రావడం లేదు తల్లీ," అన్నాడు, ఏదో తప్పు చేసినవాడిలా. "గట్టు దగ్గర పడితే తెల్లగా వచ్చాయి. అటుపక్క ఇంకా నీలంగా ఉంటే అక్కడికి పోయాను. అక్కడా తెల్లగానే. ఇక్కడైతే ఖాయంగా వస్తుందనుకున్నా."

ఆ చుట్టూ తిరిగీ తిరిగీ ఊపిరి అయిపోయి కూలబడ్డాడు. విజిల్ వినిపించిందట, లేవడానికి కాళ్ళు రాలేదట. నజారియా ముందు ఊపిరి తెరిపించే ముణ్య ఆకు అరచేతుల్లో నలిపి ఆయన ముక్కు దగ్గర పెట్టింది, బుగ్గలో కోకా ఆకు పెట్టింది, తన భుజం మీది దుప్పటి ఆయనకి చుట్టింది. ఆ తర్వాత జవాబు చెప్పింది.

"రంగు సరస్సుని వదిలి రాదు పెద్దాయనా. పొద్దున్నే చెప్పబోయాను, పని పడింది. ఈసారి మనవరాలినే తీసుకురండి. సీసాలో అమ్మాయిని తేవడం కంటే బస్సులో తేవడం తేలిక."

ఆయన నవ్వాడు. నవ్వుతో పాటు దగ్గొచ్చింది, దగ్గుతో పాటు పెదాలకు కొంచెం రంగొచ్చింది. మెల్చోర్ ఆయన్ని చంకల కింద పట్టి లేపి గుర్రం ఎక్కించాడు. నేనూ చెయ్యి వేశాను. తాడు మాత్రం ముట్టుకోలేదు, ఒట్టు.

సగం దారిలో వడగళ్ళు మొదలయ్యాయి. గాలి మొహం మీద కొడుతోంది. చుంపి చెవులు వెనక్కి పెట్టి మొరాయించింది. నజారియా దాని మెడ కింద తల పెట్టి ఏదో పాడుతూ నడిపించింది. మంద తోలే పాట, అందులో మాటలుండవు. నాలుగు లంగాలూ తడిసి బరువెక్కాయి. టోపీ అంచున పూసల మధ్య వడగళ్ళు ఇరుక్కుని మెరుస్తున్నాయి. ఆమె వెనక్కి తిరిగి మా వైపు చూసినప్పుడు నేను బెంగ ఉంటుందనుకున్నాను. లేదు. మొహం వెలిగిపోతోంది. పొద్దున సరస్సులు చూసినవాళ్ళ మొహాల్లా.

కుంట దగ్గరికి చేరేసరికి నాలుగూ ఇరవై. మెల్చోర్ గడియారం నాకు చూపించాడు, ఆమెకు చూపించలేదు. బస్సు ఇంకా ఉంది. త్రుహీయో అమ్మాయి బస్సు మెట్టు మీద కూచుని తలుపు మూయనివ్వలేదట. డ్రైవరు ఆమెకి దండం పెట్టే స్థితికి వచ్చాడు. రెండో గుంపు గైడు తన మనిషి ఒకడు తగ్గాడని గంటసేపు గోలపెట్టాడని, పొడుగాటి మనిషి దిగాక అందరి ముందూ అతన్ని దులిపేశాడని చేపలు వేపేవాళ్ళు చెప్పారు. ఆర్సేనియోకి వేడి చారు తాగించారు. యూరి వచ్చి నజారియా ముందు నిలబడి, వంగి ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు. బస్సు కదిలినప్పుడు ఆర్సేనియో కిటికీలోంచి ఖాళీ చేసిన సీసా ఒకటి ఊపాడు.

ఎండ ఇంకా కొండ మీద ఉండగానే పాక ముందు సభ కూచుంది. ఏం జరిగిందో మెల్చోర్ చెప్పాడు, ఏమీ దాచలేదు, మొదటి సరస్సు దగ్గరి ఎర్రకోటు సంగతితో సహా. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరో, మాట మాటే కదా, మూడు అన్నాం, నాలుగూ ఇరవై అయింది, అన్నారు. అవునవును అని నాలుగైదు గొంతులు కలిశాయి. నజారియా తడి లంగాలతో ఆడవాళ్ళ వైపు నేల మీద కూచుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు గట్టిగా పెనవేసుకుంది.

మెల్చోర్ గడియారం విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"మూడింటికి దిగిన లెక్క పద్నాలుగు. నాలుగూ ఇరవైకి అయిన లెక్కా పద్నాలుగే," అన్నాడు. "ఇవాళ తాడు నా చేతిలో ఉంటే నేను మూడింటికే దిగేవాణ్ణి. మీరంతా భేష్ అనేవాళ్ళు. ఆ పెద్దాయన ఇప్పుడు ఆ గుట్ట వెనక ఉండేవాడు. పలక మీద నా పేరు రెండోది. ఉంచాలో తుడవాలో ముందు అది తేల్చండి, తర్వాత ఈ పిల్ల సంగతి చూద్దాం."

ఆవిరి మా మధ్యకి వచ్చి పోతోంది. నజారియాకి వంతు ఇవ్వాలన్నవాళ్ళని చేతులెత్తమన్నారు. మొదట ముసలి ఆడవాళ్ళు ఎత్తారు, ఆ తర్వాత ఒక్కొక్కటిగా మగవాళ్ళవి. నేను ఓటు లేనివాణ్ణి. అయినా ఎత్తబోతే పక్కనున్నాయన నా చెయ్యి కిందికి లాగాడు. ముగ్గురే ఎత్తలేదు. చాలు.

ఏడో చోటు తండ్రిది, అది తుడిచి దాని కిందివాళ్ళందరినీ ఒక్కో మెట్టు పైకి జరిపారు. ఆమెది అందరికంటే చివర. మెల్చోర్ స్వయంగా నీలం రంగు డబ్బా తెచ్చి, నాలుక కొస బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్దాడు. నజారియా ఆయన భుజం పక్క నుంచి తొంగి చూసింది.

"ఇందులో నేను ఏది చిన్నాన్నా?"

"ఈ అడుగున ఉన్నది."

నమ్మకం కలగనట్టు వేలితో తడిమింది. రంగు తడిగానే ఉంది, చివరి అక్షరం అలుక్కుపోయింది. మెల్చోర్ తిట్టుకుంటూ మళ్ళీ దిద్దాడు. ఆమె ఆ నీలం వేలిని పైకి పట్టుకుని, ఎక్కడా తగలనివ్వకుండా, ఇంటిదాకా నడిచింది. దారిలో ఎదురైన ప్రతివాళ్ళకీ చూపించింది. ఇంట్లో పొయ్యి రాజేస్తూ కూడా ఆ వేలు ముడవలేదు.

"ఎన్నోదాన్ని మాస్టారూ?"

"ఇరవయ్యోదానివి."

"అంటే మళ్ళీ నా వంతు ఎప్పుడు?"

రోజుకి రెండు గుర్రాలు, ఇరవై పేర్లు. చెప్పాను, పది రోజులకి.

పొయ్యి వదిలేసి లేచి నిలబడింది. తడి లంగాలు ఇంకా మార్చుకోలేదు. వాకిట్లోకి వెళ్ళి పైకి, కొండ వైపు చూసింది, లోపలికి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

"పది రోజులు ఎలా ఆగాలి మాస్టారూ?" అంది.